గోడ మీద బొమ్మ, గోడ కింద మనిషి

ఆమధ్య ఈ శీర్షికలో చేర్యాల పటాల గురించి రాశాను. చేతివృత్తుల వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలను గుడ్డ మీద బొమ్మలుగా గీసి, ఊరి నడుమ నిలబెట్టి, పాడి వినిపించిన సంప్రదాయం అది. అప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో చాలా వరకు ఒకే దారి పట్టాయి. మా వీధిలో చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు, మోటార్లు బాగుచేసే ఆయన ఉన్నాడు, వీళ్ళ మీద మేమూ ఏదైనా బొమ్మల పని పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. ఎంత సంతోషంగా ఉందో! బడిలో డ్రాయింగు చెప్పినన్నాళ్ళూ నేను పిల్లల్ని కమ్మరి కొలిమి దగ్గరికీ, వడ్రంగి పందిరి కిందికీ తీసుకెళ్ళి కూర్చోబెట్టేదాన్ని. కుండీలో పువ్వు ఎప్పుడైనా గీసుకోవచ్చు. ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే.

*

టీచర్ గారికి నమస్కారం. మా కాలనీ ప్రహరీ గోడ రోడ్డు వైపు చాలా పొడవు ఉంటుంది. పోస్టర్లతో, గుట్కా మరకలతో పాడైపోయింది. దాని మీద పాత చేతివృత్తుల వాళ్ళ, మరమ్మతు పనులు చేసేవాళ్ళ బొమ్మలు వేయించాలని సంఘంలో తీర్మానించాం. ఇద్దరు యువ చిత్రకారులు ముందుకొచ్చారు. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు చూసి గీస్తామంటున్నారు. గోడ పక్కనే ఒకాయన చెప్పులు కుడతాడు. రంగులు వేశాక గోడ అందంగా కనబడాలంటే ఆయన్ని వేరే చోటికి పంపాలేమో అని కొందరంటున్నారు. మీ సలహా కావాలి.
— కాలనీ సంఘం కార్యదర్శి, హనుమకొండ

కార్యదర్శి గారూ, మీ ఉత్తరంలో చివర రాసిన విషయాన్ని నేను మొదట అందుకుంటాను. ఆయన్ని పంపకండి. రంగులు వేసే నాలుగు రోజులూ పక్కనే నీడ ఉన్న చోటు చూపించండి. ఆ రోజుల్లో ఆయనకు తగ్గిన సంపాదనను సంఘం ఖర్చులో రాయండి. రంగు ఆరగానే ఆయన చోటు ఆయనకు ఇవ్వండి. చెప్పులు కుట్టే మనిషి బొమ్మ గోడ మీద ఉండి, ఆ మనిషి మాత్రం వీధిలో లేకపోతే ఆ గోడకు అర్థమేముంది?

ఇది దయ తలచి చేసే పని కూడా అనుకోకండి. 2014లో వచ్చిన వీధి విక్రేతల చట్టం సరుకు అమ్మేవాళ్ళతో పాటు వీధిలో కూర్చుని సేవలు అందించేవాళ్ళకూ వర్తిస్తుంది. పట్టణ విక్రయ కమిటీ ద్వారా వాళ్ళు గుర్తింపు పత్రం పొందవచ్చు. చెప్పులు కుట్టే పని, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లోనూ ఉంది. అందులో శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉన్నాయి. అర్జీలు రాయడం, ఆఫీసుల మెట్లెక్కడం మీ సంఘానికి అలవాటైన పనే. గోడకు సున్నం కొట్టేలోపే ఆ కాగితాల పని మొదలుపెట్టండి. మీ బొమ్మల పనిలో ఇదీ ఒక భాగమని నేను నమ్ముతాను.

ఇక ఫొటోలు చూసి గీయడం. ఆ ఇద్దరు పిల్లలకూ నా మాటగా చెప్పండి, ఏదైనా కొలిమి దగ్గర ఒక పూట కూర్చోమని. ఫొటోల్లో కమ్మరి సుత్తిని నెత్తి మీదికెత్తి ఒంటరిగా నిలబడి ఉంటాడు. నిజంగా జరిగేది వేరు. పెద్దాయన ఎడమ చేత్తో పట్టకారు పట్టి, ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద పెడతాడు. కుడి చేతిలోని చిన్న సుత్తితో ఒక చోట టంగుమని తాకుతాడు. ఎదురుగా సమ్మెట పట్టుకున్న మనిషి సరిగ్గా అక్కడే దెబ్బ వేస్తాడు. చిన్న సుత్తి జరిగితే సమ్మెట జరుగుతుంది, చిన్న సుత్తి పక్కకు వాలితే సమ్మెట ఆగుతుంది. మాట ఉండదు. చాలా కొలుముల్లో ఆ సమ్మెట వేసేది ఇంటి ఇల్లాలే. ఈ ఇద్దరి మధ్య నడిచే లయను గీయగలిగితే మీ గోడ ముందు జనం ఆగుతారు. కమ్మరి దంపతులు వచ్చి చూసి, మమ్మల్నే గీశారు అనుకుంటారు. నాకు ఆ రెండో మెప్పే ముఖ్యం.

గోడ పొడవుగా ఉంది కాబట్టి చేర్యాల పద్ధతి మీకు బాగా పనికొస్తుంది. జనగామ మీదుగా వెళ్తే చేర్యాల మీకు దగ్గరే, చిత్రకారుల్ని ఒకసారి తీసుకెళ్ళండి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూతలుగా పట్టిస్తారు. మూడడుగుల వెడల్పు గుడ్డ మీద కథ అడ్డపట్టీలుగా కిందికి దిగుతూ పోతుంది. పెద్ద పటాలు 40, 50 అడుగులు కూడా ఉండేవి. వెనక అంతటా ఎరుపు, పట్టీకీ పట్టీకీ మధ్య పూలతీగ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం, ఇలా ఎవరి కథ వారికి ఉండేది. పద్మశాలీల కథను కూనపులివారు పటం ముందు నిలబడి కర్రతో చూపిస్తూ పాడేవారు. నకాషీలనే చిత్రకారులు గీసేవారు, కథకులు గీయించుకునేవారు, వృత్తిదారులు పోషించేవారు. అంటే ఎవరి కథ గీస్తున్నారో వాళ్ళకు ఆ బొమ్మ మీద అధికారం ఉండేది. మీ గోడకూ ఆ పద్ధతి తీసుకోండి. ముసాయిదా బొమ్మలు గీశాక ఆ వృత్తుల వాళ్ళను పిలిచి చూపించండి. ఇది తప్పు, ఉలి అలా పట్టం అని వాళ్ళంటే చెరిపి మళ్ళీ గీయించండి.

పని సంగతులు కొన్ని. గోడ అడుగున చెమ్మ ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి, లేకపోతే రెండో వానకే పొక్కులు లేస్తాయి. కొత్తగా ప్లాస్టరింగ్ చేయిస్తే నెల రోజులు ఆరనివ్వాలి. ప్రైమర్ మీద బయటి గోడలకు వాడే ఎమల్షన్ వేయించండి. నేల నుంచి అడుగున్నర ఎత్తు వరకు ముదురు రంగు పట్టీ వదిలేస్తే వానకు చిందే బురద బొమ్మల మీద పడదు. ప్రతి బొమ్మ పక్కనా ఆ పని చేసే మనిషి మీ పేటలో ఎక్కడ దొరుకుతారో రాయించండి. ఫోను నంబరు రాయాలా వద్దా అన్నది వాళ్ళనే అడగండి. చేతిలో తెగిన చెప్పు పట్టుకున్నవాడికి ఆ గోడే దారి చూపించాలి.

*

టీచర్ గారూ, మా మనవడు ఈసారి బొమ్మల కొలువులో పంక్చర్ల షాపు పెడతానంటున్నాడు. పాత ట్యూబు ముక్కలు, అగ్గిపెట్టెలు, నీళ్ళ తొట్టి బదులు సీసా మూతతో వాడే తయారుచేశాడు. మా ఆడపడుచు మాత్రం కొలువులో దేవుళ్ళ దగ్గర అలాంటివి కూడదంటుంది. ఏం చేయమంటారు?
— ఒక అమ్మమ్మ, విజయవాడ

పెట్టండమ్మా, తప్పకుండా పెట్టండి. కొలువు కింది మెట్ల మీద పచారీ కొట్టూ, పెళ్ళి మేళమూ పెట్టుకోవడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. మీకు పక్కనే ఉన్న కొండపల్లిని చూడండి. దశావతారాలు చెక్కే చేతులే తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి, ఎడ్లబండిని, రోకలితో దంచే ఆడవాళ్ళను చెక్కుతాయి. వాళ్ళ కాలంలో ఊరు ఏ పనుల మీద నడిచిందో ఆ పనులు బొమ్మలయ్యాయి. మీ మనవడి కాలంలో ఊరు పంక్చర్ల షాపు లేకుండా కదలదు. వాడు చూసింది వాడు చేశాడు.

వాడిని ఒక ఆదివారం కొండపల్లి తీసుకెళ్ళండి. తెల్లపొణికి చెక్క ఎంత తేలికో చేత్తో పట్టుకుని చూడాలి. తల, చేతులు, ఒళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కు కలపడం నేర్చుకుంటే వాడి షాపులో మెకానిక్కు కూడా తయారవుతాడు. మీ ఆడపడుచు గారికి నా నమస్కారాలు చెప్పి, ఆ మెకానిక్కు చొక్కా రంగు ఆవిడనే ఎంచమనండి.

*

టీచర్ గారూ, నేను హైదరాబాద్‌లో చిత్రకళ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పాతబస్తీలో రఫూ చేసే, అంటే చినిగిన బట్టను అతుకు తెలియకుండా బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర కొన్నాళ్ళుగా కూర్చుంటున్నాను. ఆయన పని మీదే నా ప్రదర్శన పెట్టాలని ఉంది. చిక్కేమిటంటే, ఆయన పని బాగా కుదిరితే అసలు కనిపించదు. కనిపించనిదాన్ని జనానికి ఎలా చూపించను? ఆయన ముఖం ఫొటోలు పెద్దవి చేసి పెట్టమని స్నేహితులు అంటున్నారు.
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

అమ్మాయీ, నీ ప్రశ్న చదివి నేను లేచి బీరువాలో మా అమ్మ శాలువా తీసి చూశాను. ఎలుక కొరికిన చోట రఫూ చేయించిన గుర్తు. వెలుతురులో ఎంత తిప్పినా పై వైపు దొరకలేదు. తిరగేసి వేలితో తడిమితే దొరికింది. రూపాయి బిళ్ళంత చోట చిన్న గరుకు, కత్తిరించిన నూలు కొసలు. నీ జవాబు అక్కడే ఉంది. బట్టను తిరగేసి చూపించు.

గోడకు అతికించకు. జనం చుట్టూ తిరిగి రెండు వైపులా చూసేలా వేలాడదీయి, వెనక నుంచి దీపం పెట్టు. చినిగిన బట్ట ఒకటి, సగం అల్లినది ఒకటి, పూర్తయినది ఒకటి వరసగా ఉండాలి. సగం అల్లినదే అన్నిటికన్నా ముఖ్యం. అంచు లోపలి మడత నుంచి అదే బట్ట నూలు ఎలా లాగుతాడో, ముందు పడుగు పోగులు ఎలా నిలుపుతాడో, తరువాత పేక పోగును రెండింటి మీదుగా, రెండింటి కిందుగా ఎలా పోనిస్తాడో అక్కడే కనబడుతుంది. చిరుగు ఉన్నచోట ఆయన కుట్టడం లేదు, మళ్ళీ నేస్తున్నాడు. మగ్గం లేకుండా సూదితో నేత! పక్కన ఒక భూతద్దం పెట్టు.

ఈ దారిలో నీకన్నా ముందు నడిచినావిడ ఒకరున్నారు. ప్రియా రవీష్ మెహ్రా అనే నేత కళాకారిణి. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూగర్ల గురించి ఏళ్ళ తరబడి పనిచేశారు. కశ్మీరు శాలువాలను తరతరాలుగా బాగుచేస్తున్నా ఎవరి లెక్కలోకీ రాని మనుషులు వాళ్ళు. మెహ్రా వాళ్ళ పనిని నమోదు చేశారు, వాళ్ళతో కలిసి కూర్చున్నారు, వాళ్ళ నైపుణ్యాన్ని కళారంగం ముందుకు తెచ్చారు. తాను జబ్బుపడ్డాక తన సొంత కళాఖండాల్లోనూ రఫూనే చేశారు, ఈసారి దాచకుండా, పైకి కనిపించేలా. 2018లో కన్నుమూశారు. ఆవిడ పని వెతికి చూడు. అనుకరించడానికి కాదమ్మా, నువ్వు ఒంటరివి కావని తెలుసుకోవడానికి.

ఫొటోల సంగతి. ముఖం ఫొటో ఆయన వయసు చెప్తుంది, గడ్డం చెప్తుంది. చిరుగు గురించి ఏమీ చెప్పదు. ఒక్కటి ఉంటే చాలు, అదీ ఆయన ఒప్పుకుంటేనే. దానికి బదులు ఆయన్నే ప్రదర్శనకు పిలువు. చినిగిన బట్టలు తెచ్చుకోవచ్చని ముందుగా ప్రకటించు. ఒక్కో చిరుగుకు ఎంత తీసుకోవాలో ఆయనే చెప్తాడు, నువ్వు బేరం ఆడనివ్వకు. ఆయన కూర్చున్న ప్రతి రోజుకూ కూలి మీ కళాశాల ఇవ్వాలి. ప్రవేశద్వారం దగ్గర రాసే కళాకారుల పేర్లలో నీ పేరు పక్కనే ఆయన పేరు ఉండాలి, 'కృతజ్ఞతలు' అన్న వరసలో అట్టడుగున కాదు. దీనికి మీ అధ్యాపకులు ఒప్పుకోకపోతే నాకు రాయి, వాళ్ళకు నేను రాస్తాను.

*

అమ్మా, మా నాన్న బస్టాండు దగ్గర చెప్పులు కుట్టి మమ్మల్ని చదివించాడు. నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఊరి కుర్రాళ్ళు 'కులవృత్తులకు వందనం' అని గోడ మీద బొమ్మలు వేస్తూ నాన్న ఫొటో అడిగారు. నేను ఇవ్వనన్నాను. బతికున్నప్పుడు హోటల్లో ఆయనకు గ్లాసు వేరు పెట్టిన ఊరే అది. అమ్మ మాత్రం ఇవ్వరా అంటోంది. నేను చేసింది సరైందేనా?
— ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

బాబూ, నువ్వు చేసింది సరైందే. ఆ ఫొటో మీ ఇంటిది. ఊరు అడిగింది కదా అని ఇవ్వాల్సిన బాకీ నీకు లేదు. మిగతా ఉత్తరాలన్నిటికీ చెప్పిన మాటలు నీ ఉత్తరం ముందు పెట్టి మళ్ళీ తూచుకున్నాను.

తోలు పనిని ఊరు ఎంతగా వాడుకుందో అంతగా దూరం పెట్టింది. మోటబావి మీద నీళ్ళు తోడిన తోలు సంచి ఎవరు కుట్టారు? ఎద్దు మెడలో పట్టెడ ఎవరిది? జాతరలో డప్పు ఎవరిది? ఆ నీళ్ళతో పండిన గింజ అందరిళ్ళకూ వెళ్ళింది. కుట్టిన మనిషి మాత్రం వాకిలి దాటి లోపలికి రాకూడదు. ఇప్పుడు ఆ చరిత్ర మీద రంగు పూసి 'వందనం' అంటే, గ్లాసు వేరుగా పెట్టించుకున్నవాడి కొడుక్కి మండుతుంది. మండాలి కూడా.

ఆ కుర్రాళ్ళు పెట్టిన పేరులోనే దోషం ఉంది. పనిలోని నేర్పుకు వందనం పెట్టవచ్చు. పుట్టుకతో పనిని కట్టేసిన కట్టుకు వందనం ఏమిటి? మీ నాన్న నిన్ను బ్యాంకు ఉద్యోగం దాకా చదివించాడంటే ఆ కట్టు తెంచాలనే. ఆయన జీవితంలో ఆయన చేసిన పెద్ద మరమ్మతు అదే అయితే, దాన్ని చెప్పని బొమ్మ ఆయన బొమ్మ కానే కాదు.

న్యూయార్క్‌లో మియెర్లే లాడర్‌మన్ యూకెలీస్ అనే కళాకారిణి ఉన్నారు. 1977 నుంచి ఆ నగర పారిశుద్ధ్య విభాగంలో జీతం లేని ఆస్థాన కళాకారిణి. 1979, 80 సంవత్సరాల్లో 11 నెలల పాటు నగరమంతా తిరిగి, దాదాపు 8,500 మంది పారిశుద్ధ్య కార్మికుల్లో ఒక్కొక్కరితోనూ చేయి కలిపి, ఈ నగరాన్ని బతికిస్తున్నందుకు ధన్యవాదాలు అని చెప్పారు. నాకు అంతకన్నా నచ్చింది 1984లో చేసిన పని. జనం తమను పిలిచిన నీచమైన పేర్లు ఏమేమిటో కార్మికులు చెప్పారు. వాటిని ఒక గ్యాలరీ అద్దాల మీద రాయించి, నగరంలోని పలు రంగాల వాళ్ళను పిలిచి, వాళ్ళ చేత కడిగించారు. ముందు అవమానాన్ని పేరు పెట్టి గోడకెక్కించడం, తరువాత అన్నవాళ్ళ పక్షం వాళ్ళే వచ్చి తుడవడం. మీ ఊరి కుర్రాళ్ళు నిజంగా ఏదైనా చేయాలనుకుంటే మొదలుపెట్టాల్సిన చోటు ఇదే. రెండు గ్లాసుల బొమ్మ గీయడానికి వాళ్ళకు ధైర్యం ఉందా అని అడుగు.

మన దగ్గరా ఒక మాట ఉంది, నీకు తెలిసే ఉంటుంది. తోలు పని చేసే మాదిగల కోసం డక్కలివారు చెప్పే జాంబ పురాణంలో ఆదిజాంబవుడు భూమి పుట్టక ఆరు నెలల ముందే పుట్టినవాడు. అందరికన్నా పెద్దవాడు. ఎవరో వచ్చి గొప్పవాళ్ళని చెప్తే వచ్చిన గౌరవం అందులో లేదు. తమ కథ తాము చెప్పించుకున్నారు, తమ పటం తాము గీయించుకున్నారు.

ఇక మీ అమ్మగారు. ఆయన నీకు నాన్న, ఆవిడకు భర్త. ఆ బస్టాండు దగ్గరికి మధ్యాహ్నం అన్నం క్యారేజీ తీసుకెళ్ళిన మనిషి ఆవిడే అయి ఉంటుంది. ఆవిడ ఎందుకు ఇవ్వమంటున్నారో నెమ్మదిగా అడుగు. ఆయన్ని ఊరు చూడాలని ఉందా? ఆయన పేరు రాసి ఉండగా చదవాలని ఉందా? ఆవిడ ఏం చెప్తే అది రాసుకో. ఇస్తే మీ షరతుల మీద ఇవ్వండి. 'కులవృత్తి' అనే మాట ఉండకూడదు, కింద ఏం రాయాలో మీ ఇంటివాళ్ళే చెప్తారు, పక్కన ఏ బొమ్మలు ఉన్నాయో చూశాకే సరే అంటారు. వాళ్ళు ఒప్పుకోకపోతే ఫొటో మీ ఇంట్లోనే ఉంటుంది. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

*

నమస్తే అమ్మా. నేను జంగారెడ్డిగూడెం దగ్గర ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఊళ్ళోని చేతివృత్తుల మీద బొమ్మల ప్రదర్శన చేయిద్దామంటే కుమ్మరి సారె, మగ్గం మా ఊళ్ళో లేవు. ఉన్నది ఒక మోటార్ల వైండింగ్ షాపు, ఒక సైకిల్ షాపు. ఇవి సరిపోతాయా?
— ఒక ఉపాధ్యాయుడు, ఏలూరు జిల్లా

మాస్టారూ, బోరు మోటారు ఆగితే ఎండిపోయే ప్రాంతం మీది. వైండింగ్ షాపు కన్నా పెద్ద చేతివృత్తి మీకు ఇంకేం కావాలి? పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళండి.

ఒక ఫేజు పోయి కాలిన మోటారును విప్పినప్పుడు నల్లగా మాడిన తీగల వాసన ముందు వస్తుంది. ఆ మెకానిక్కు పాత తీగను చుట్టు చుట్టుగా లెక్కపెడుతూ తీస్తాడు, తీగ మందం కొలుస్తాడు, ఏ గాడి నుంచి ఏ గాడికి వెళ్ళిందో గుర్తు రాసుకుంటాడు. గాడుల్లో కొత్త కాగితం పెట్టి, ఎర్రటి రాగి తీగను అన్నే చుట్లు చుట్టి దించుతాడు. నాడాతో బిగించి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. మాడిన చుట్ట ఒకటి, కొత్త చుట్ట ఒకటి పక్కపక్కన పెట్టి పిల్లల చేత గీయించండి. పెన్సిలు చాలు. రాగి మెరుపుకు మాత్రం రంగు ఇవ్వండి.

మీ వయసెంత, ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు లాంటి ప్రశ్నలతో వాళ్ళను పంపకండి. ఏ శబ్దం వింటే లోపం ఎక్కడుందో తెలుస్తుంది అని అడగమనండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ వస్తువును బాగుచేయలేక వెనక్కి పంపారు, ఎందుకు అని అడగమనండి. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో విప్పడానికి వీల్లేకుండా అతికించిన వస్తువులు, దొరకని విడిభాగాలు అన్నీ బయటికొస్తాయి. పనిముట్ల పేర్లు ఆయన నోట ఎలా వస్తే అలాగే రాయాలి, పిల్లలు దిద్దకూడదు.

పైన చెప్పిన 18 వృత్తుల జాబితాలో వైండింగ్ లేదు, రఫూ లేదు, కింది ఉత్తరంలో వచ్చే కళాయి, అంటే గిన్నెల లోపల తగరం పూత వేసే పని కూడా లేదు. ప్రభుత్వ జాబితాకెక్కని పనులు కనీసం మన పిల్లల డ్రాయింగు పుస్తకాలకెక్కాలి. మరొక మాట, ప్రదర్శన బడిలో పెట్టకండి. ఆ షాపులోనే దండెం కట్టి క్లిప్పులతో తగిలించండి. మోటారు తెచ్చిన రైతులు పని అయ్యేదాకా కూర్చునేది అక్కడే కదా. మీకు అంతకన్నా తీరికైన ప్రేక్షకులు దొరకరు.

*

టీచర్ గారూ, మా అపార్ట్‌మెంట్లో చాలామంది దగ్గర అమ్మమ్మల నాటి ఇత్తడి గిన్నెలున్నాయి. కళాయి పోయి వాడటం మానేశాం. కళాయి వేసే మనిషిని పిలిపించి, ఆ రోజు పిల్లల చేత బొమ్మలు కూడా వేయిద్దామని ఆలోచన. ఎలా చేయాలి, ఏం జాగ్రత్తలు?
— ఒక గృహిణి, విశాఖపట్నం

చాలా మంచి ఆలోచనమ్మా. ఒక్క ఇంటి రెండు గిన్నెల కోసం ఆయన కొలిమి మోసుకుని రాలేడు. పాతిక ఇళ్ళ గిన్నెలు కలిస్తే ఆయనకు రోజు గిట్టుతుంది. ముందు రోజే గిన్నెలన్నీ పోగుచేసి, ఇంటి పేరు కాగితం కట్టి, కూలి ఎంతో మాట్లాడుకోండి. పార్కింగులో గాలి ఆడే మూల, పక్కన నీళ్ళు, మధ్యాహ్నం ఆయనకు భోజనం.

పిల్లలు చూడాల్సిన క్షణం ఒకటుంది. తోమిన గిన్నెను నిప్పుల మీద తిప్పుతూ వేడెక్కించి, నవసాగరం పొడి చల్లుతాడు. తెల్లటి పొగ గుప్పున లేస్తుంది. తగరం కడ్డీని లోపల అలా తాకించగానే కరిగి జారుతుంది. దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పితే పసుపుపచ్చ గిన్నె లోపలంతా వెండిలా తెల్లబడుతుంది. రెప్ప వేస్తే పోతుంది ఆ మార్పు, అందుకని పిల్లల్ని నాలుగైదు గిన్నెల దాకా ఊరికే చూడనిచ్చి, తరువాత కాగితాలివ్వండి. పొగ పీల్చకుండా గాలి వచ్చే వైపు, నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టండి.

తగరం స్వచ్ఛమైనదే వాడమని ముందే చెప్పండి, కావాలంటే మీరే కొనివ్వండి. సీసం కలిసిన టంకం కడ్డీ వంట గిన్నెలకు పనికిరాదు. మంచి తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే సన్నగా కిరకిరమంటుంది. ఆ శబ్దం ఆయన్నే వినిపించమనండి, పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఆ తరువాత వాడకం మీ చేతుల్లో ఉంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టకండి. పోపు వేరే మూకుట్లో వేసి ఇందులో కలపండి. చెక్క గరిటె వాడండి, స్టీలు పీచుతో తోమకండి. లోపల మళ్ళీ పసుపు రంగు తొంగిచూసిందంటే పులుసు, చారు, పెరుగు అందులో పోయడం ఆపి ఆయనకు ఫోను చేయండి.